27 ఇంచీల పాత సైకిలు ఫ్రేముకి 622 చక్రాలు: పని డైరీ

ఫ్రేము: లగ్గులతో (గొట్టాలు కలిసే చోట తొడిగే లోహపు కీళ్లతో) అతికిన స్టీలు ఫ్రేము, వెనక అయిదు పళ్లచక్రాల ఫ్రీవీల్, క్రోమ్ పూసిన స్టీలు రిమ్ములు. టైరు మీద 27×1¼ అని ఉంది. ఆ సైజులో టైర్లు తక్కువ దొరుకుతున్నాయి, దొరికినా రకాలు తక్కువ. రిమ్ముల క్రోమ్ లేచిపోయింది, తడిలో బ్రేకు పట్టడం లేదు. అందుకే 700సి, అంటే 622 మి.మీ., చక్రాలు వేసి, వెనక ఎనిమిది పళ్లచక్రాల క్యాసెట్‌కి (హబ్బు మీదికి ఎక్కించే పళ్లచక్రాల గుత్తికి) మార్చాలన్నది పని. అయస్కాంతం పెట్టి గొట్టాలన్నీ స్టీలేనని ముందే తేల్చుకున్నాం. అల్యూమినియం ఫ్రేమైతే ఈ డైరీలో సగం పని చెయ్యకూడనిది.

రోజు 1: కొలతలు

ఇంచీల అంకెల్ని నమ్మడం మానేయడంతోనే పని మొదలవుతుంది. టైరు పక్కగోడ మీద 32-630 లాంటి జంట అంకెలుంటాయి. మొదటిది టైరు వెడల్పు, రెండోది టైరు అంచు రిమ్ములో కూర్చునే చోటి వ్యాసం, మిల్లీమీటర్లలో. లెక్కలకి ఆ రెండో అంకే ఆధారం. 27 ఇంచీలంటే 630. 700సి అంటే 622. 28 ఇంచీలని, 29 ఇంచీలని అమ్మేవాటిలో ఎక్కువ భాగం కూడా 622 రిమ్ములే. కానీ రాడ్ బ్రేకుల బరువు సైకిళ్ల 28×1½ మాత్రం 635. ఇక 26 ఇంచీల పేరుతో 559, 571, 584, 590, 597 అని అయిదు వేర్వేరు వ్యాసాలున్నాయి. 26×1.75 అని దశాంశంలో రాస్తే 559, 26×1¾ అని భిన్నంలో రాస్తే 571. చదవడానికి రెండూ ఒకటే, ఒకదాని టైరు మాత్రం ఇంకోదాని రిమ్ముకి పనికిరాదు.

630కి, 622కి తేడా 8 మి.మీ. చూపుకి తెలియదు కానీ చుట్టుకొలతలో అది 25 మి.మీ. 622 టైరు 630 రిమ్ము మీదికి ఎక్కదు. 630 టైరు 622 రిమ్ముకి సునాయాసంగా ఎక్కుతుంది, గాలి కొట్టగానే అంచు జారి ట్యూబు పేలుతుంది. చేతికి ఎక్కింది కదా అని గాలి కొట్టి చూడవద్దు.

వ్యాసార్థంలో తేడా 4 మి.మీ. అంటే బ్రేకు రబ్బర్లు ఇప్పుడున్న చోటికన్నా 4 మి.మీ. కిందికి దిగాలి. పాత చక్రాలు ఫ్రేములో ఉండగానే, బ్రేకు బోల్టు బెజ్జం కేంద్రం నుంచి రిమ్ము పక్కగోడ మధ్య దాకా కొలిచాం. ఈ దూరాన్నే రీచ్ అంటారు. ముందు 54, వెనక 61. 622 వేస్తే 58, 65 అవుతాయి. చిన్న రిమ్ము, లావు టైరు ఆశ ఉంది కాబట్టి 584కి కూడా లెక్కేశాం: అక్కడ వ్యాసార్థం 23 మి.మీ. తగ్గుతుంది, రీచ్ 77, 84 కావాలి.

మిగిలిన కొలతలు: వెనక డ్రాపౌట్ల (ఇరుసు కూర్చునే గాడి ఉన్న పలకల) మధ్య 120 మి.మీ., ముందు ఫోర్కు కొసల మధ్య 96. ముందు గాడి వెడల్పు 8. వెనక డ్రాపౌట్ మందం 4.5, ముందు 3.5. చైన్‌స్టేల (క్రాంకు దగ్గర నుంచి వెనక ఇరుసుకి వెళ్లే గొట్టాల) మధ్య, టైరు అతి లావుగా ఉండే చోట ఖాళీ 41. క్రాంకు గొట్టం కేంద్రం, రెండు ఇరుసుల్ని కలిపే గీతకన్నా 70 మి.మీ. కింద ఉంది.

వెనక గాడి ముందుకి తెరుచుకునే రకం, కిందికి వాలి ఉంది. ఆ వాలు సీట్‌స్టేకి (సీటు కింద నుంచి వెనక ఇరుసుకి దిగే గొట్టానికి) దాదాపు లంబంగా ఉండటంతో, ఇరుసు గాడిలో 10 మి.మీ. ముందుకి జరిగినా బ్రేకు రీచ్ పెద్దగా మారదు. వెనక్కి తెరుచుకుని నేలకి సమాంతరంగా ఉండే గాడి అయితే మారుతుంది. అలాంటి ఫ్రేములో ఇరుసు ఏ చోట బిగుస్తుందో ముందు ఖాయం చేసుకుని ఆ తర్వాతే రీచ్ కొలవాలి.

రోజు 2: 622నా, 584నా

లెక్క కాగితం మీదే తేలింది. టైరు ఎత్తు సుమారు దాని వెడల్పంతే అనుకుంటే, పాత చక్రం వ్యాసార్థం 315 + 32 = 347. క్రాంకు కేంద్రం నేల నుంచి 277. 622 రిమ్ముకి 28 టైరు వేస్తే 339, సైకిలు 8 మి.మీ. కిందికి దిగుతుంది. 32 వేస్తే 343, దిగేది 4 మాత్రమే. 35 వేస్తే దాదాపు పాత ఎత్తే. 584కి 42 టైరు వేస్తే 334, క్రాంకు నేల నుంచి 264. 170 మి.మీ. క్రాంకుతో పెడల్ ఇరుసు అట్టడుగున 94 మి.మీ. ఎత్తులో తిరుగుతుంది, అందులో పెడల్ సగం మందం ఇంకా పోవాలి. మలుపులో తొక్కుతూ వంగితే పెడల్ నేలకి రాస్తుంది.

హ్యాండిలు స్వభావం కూడా మారుతుంది. తల గొట్టం (హ్యాండిలు తిరిగే గొట్టం) కోణం 72 డిగ్రీలు, ఫోర్కు వంపు 50 మి.మీ. ఉన్న ఈ ఫ్రేములో ట్రెయిల్ (హ్యాండిలు తిరిగే గీత నేలని తాకే చోటికీ, టైరు నేలని తాకే చోటికీ మధ్య దూరం) పాత చక్రంతో 60. 622-32తో 59, చేతికి తెలియనంత తేడా. 584-42తో 56కి పడిపోతుంది. అదేమీ నడపలేనంత కాదు, తక్కువ వేగంలో హ్యాండిలు కాస్త తేలికగా తిరుగుతుంది.

584ని ఆపింది ట్రెయిల్ కాదు, బ్రేకు. 84 మి.మీ. రీచ్ ఉన్న పక్కలాగుడు (కేబులు ఒక పక్క నుంచి లాగే) బ్రేకు వెతికి పట్టుకున్నా దాని చేతులు పొడుగై వంగుతాయి. రబ్బరు ఇరుసు బోల్టు నుంచి దూరమయ్యే కొద్దీ పట్టు తగ్గుతుంది: అదే బ్రేకులో రబ్బరును 55 నుంచి 65కి దించితేనే సుమారు 15 శాతం బలం పోతుంది. ఫ్రేముకి బ్రేకు దిమ్మలు అతికించే ఉద్దేశం ఉంటే 584 మంచి దారి. రంగు చెక్కకుండా చేసే పనికి 622-32 సరైనది. చైన్‌స్టేల దగ్గర 32 టైరుకి రెండు పక్కలా 4.5 మి.మీ. మిగులుతుంది. 35 వేస్తే 3, ఒక్క చువ్వ తెగి రిమ్ము ఊగితే టైరు గొట్టాన్ని గీకుతుంది.

రాడ్ బ్రేకుల 635 సైకిలుకి ఇదే పని చేద్దామనుకునేవారికి ఒక మాట. ఆ రబ్బర్లు రిమ్ము పక్కల్ని పట్టవు, చువ్వల వైపునున్న లోపలి ముఖాన్ని పైకి లాగి పడతాయి. ఇప్పటి 622 రిమ్ముకి ఆ ముఖమే లేదు. రాడ్లు మొత్తం తీసి కాలిపర్ (రెండు చేతులతో రిమ్ముని పక్కల నుంచి పట్టే) బ్రేకులు వేయాల్సిందే.

రోజు 3: బ్రేకులు

ముందు కాలిపర్ చేతి గాడి అడుగు 57 దగ్గర ఆగింది, కావాల్సింది 58. వెనక దానిది 66, కావాల్సింది 65. ఒక్క మిల్లీమీటరు కోసం ఆకురాయితో గాడిని కిందికి దించాలనిపిస్తుంది. చెయ్యలేదు. గాడి కింద మిగిలిన లోహం అసలే 4 మి.మీ., రబ్బరు బోల్టు తోసే తోపంతా అక్కడే పడుతుంది. బ్రేకు గట్టిగా పట్టినప్పుడు విరిగే భాగాన్ని పల్చన చేయడం ఏ లెక్కన చూసినా తప్పు పని.

రెండూ మార్చాం. టెక్ట్రో ఆర్559 కాలిపర్ రీచ్ 55 నుంచి 73. ముందు 58కీ వెనక 65కీ ఒకే మోడల్ సరిపోయింది. దాని తమ్ముడు ఆర్539 రీచ్ 47 నుంచి 57, ఇక్కడ అది ముందుకీ చాలదు.

చిక్కు బోల్టు దగ్గర వచ్చింది. పాత బ్రేకులు ఫ్రేము అవతల నట్టుతో బిగుస్తాయి, బెజ్జం 6 మి.మీ. ఇప్పటివి 8 మి.మీ. గొట్టం నట్టుతో లోపలికి మునిగి బిగుస్తాయి. నట్టు రకం కాలిపర్ దొరికితే బెజ్జం ముట్టుకోనక్కర్లేదు. మాకు దొరికింది మునిగే రకం. ఫోర్కు కిరీటం (రెండు కాళ్లూ కలిసే పై భాగం) వెనక ముఖాన్ని మాత్రమే 8కి పెంచాం, ముందు ముఖం 6గానే ఉంచాం. డ్రిల్లు ఒకేసారి 8 పెడితే పాత బెజ్జం అంచును పట్టుకుని గిర్రున తిప్పేస్తుంది. 6.5, 7, 7.5, 8 అని మెట్లు మెట్లుగా, తక్కువ వేగంతో, నూనె వేస్తూ వెళ్లాం. లోపల స్టీరింగు గొట్టంలో పడ్డ లోహపు పొడిని అయస్కాంతంతో, గుడ్డతో తీసేయాలి. అది కింది బేరింగులోకి చేరితే గోళీలు గరగరలాడతాయి.

వెనక బ్రేకు బిగిసే వంతెన (రెండు సీట్‌స్టేల్ని కలిపే ముక్క) గొట్టం సన్నం, దాన్ని 8కి తెరవడం మంచిది కాదు. అందుకే వెనకకి కూడా ముందు కాలిపర్నే వాడాం. ముందు కాలిపర్ బోల్టు పొడవు ఎక్కువ, 6 మి.మీ. బెజ్జం గుండా వంతెన దాటి బయటికి వస్తుంది, మామూలు నైలాన్ నట్టు పట్టడానికి చాలినంత మర మిగులుతుంది. వంతెన గుండ్రం కాబట్టి రెండు పక్కలా పల్లపు వాషర్లు తప్పవు. చదును వాషర్ వేస్తే బిగించే కొద్దీ గొట్టం నొక్కుకుపోతుంది. బిగింపు 8 నుంచి 10 న్యూటన్ మీటర్లు. బ్రేకులు కొనేటప్పుడు ముందు, వెనక జత అడగకుండా రెండూ ముందువే అడగాలన్నమాట.

రోజు 4, 5: వెనక భాగం తెరవడం

ఈ పనిలో అసలు బరువంతా ఇక్కడే. కొత్త హబ్బు వెడల్పు 130, కాబట్టి డ్రాపౌట్ల మధ్య 120ని 130 చెయ్యాలి. చేత్తో లాగి చక్రం ఇరికించొచ్చు, చాలామంది అంతటితో ఆపేస్తారు. 126ని 130 చేసేటప్పుడు అది నడుస్తుంది. 120ని అలా వదిలేస్తే చక్రం తీసి వేసిన ప్రతిసారీ కుస్తీ పట్టాలి, డ్రాపౌట్ పలకలు ఇరుసుని వంకరగా నొక్కుతూనే ఉంటాయి.

ముందు దారం పరీక్ష, వెనక భాగం ఫ్రేము మధ్యలో ఉందో లేదో చూడటానికి. ఎడమ డ్రాపౌట్‌కి సన్నటి దారం కట్టి, తల గొట్టం చుట్టూ తిప్పి, కుడి డ్రాపౌట్‌కి బిగుతుగా కట్టాం. సీటు గొట్టానికీ దారానికీ మధ్య ఖాళీ: ఎడమ 31, కుడి 30. ఫ్రేము తయారైనప్పుడే వెనక భాగం కొంచెం ఎడమకి ఉందన్నమాట. తేడా 1 మి.మీ. కాబట్టి అర మి.మీ. వంకర అనుకుంటారు. అది సరికాదు. సీటు గొట్టం తల గొట్టానికీ ఇరుసుకీ నడుమ ఉంటుంది కాబట్టి, ఇరుసు దగ్గరి జరుగుడులో సగం కన్నా కాస్త ఎక్కువే అక్కడ కనబడుతుంది, రెండు పక్కలా కలిసి తేడాగా వస్తుంది. ఈ ఫ్రేములో 1 మి.మీ. తేడా అంటే డ్రాపౌట్లు దాదాపు 0.9 మి.మీ. ఎడమకి జరిగి ఉన్నట్టు. అందుకని చెరి 5 కాకుండా, ఎడమని 4, కుడిని 6 తెరవాలని లెక్కేశాం. వెడల్పూ వస్తుంది, వంకరా పోతుంది.

మర కడ్డీ పెట్టి, నట్లు తిప్పి రెండు పక్కల్నీ ఒకేసారి తోసే పద్ధతి ఉంది. తేలిక, కానీ రెండు పక్కలూ సమానంగా వంగవు, బలహీనమైనదే మొత్తం వంపుని తీసుకుంటుంది. కుడి చైన్‌స్టేకి పళ్లచక్రం తగలకుండా నొక్కిన పల్లం ఉంటుంది కాబట్టి సాధారణంగా ఓడేది అదే. అందుకే ఒక్కో పక్క విడిగా, చెక్కతో చేశాం.

50×50 మి.మీ. దుంగ, 1.8 మీటర్ల పొడవు. ఫ్రేముని పక్కకి పడుకోబెట్టి, దుంగని సీటు గొట్టం మీద ఆనించి కొసని ఒక స్టే కిందికి పోనిచ్చి డ్రాపౌట్ దగ్గర ఎత్తాలి. దుంగ తగిలే చోటల్లా మందపాటి తోలు. వెనక బ్రేకు వంతెన మీద గానీ, చైన్‌స్టేల మధ్య వంతెన మీద గానీ తోపు పడకూడదు, అతుకు విడుతుంది.

స్టీలు కొంతదూరం వంగి మొత్తం వెనక్కి వచ్చేస్తుంది. ఎడమ పక్కని 15 మి.మీ. తోస్తే సున్నా మిగిలింది. 22 తోస్తే 1. 27 తోస్తే 2.5. 31 దగ్గర 4 నిలిచింది. ఒక్కో తోపు తర్వాత కొలవాలి, రెండు తోపుల మధ్య తేడా మాలా 4 నుంచి 7 దాకా పోకుండా 2, 3 మి.మీ. మించకూడదు, ఎందుకంటే లొంగడం మొదలయ్యాక వంపు గబగబా పెరుగుతుంది. కుడి పక్కన అదే జరిగింది. పల్లం ఉన్న చోట అది ముందే లొంగింది, 31 తోపుకే 8 నిలిచిపోయింది, కావాల్సింది 6. వెనక్కి తెచ్చేందుకు ఎదురుదిశలో తోయాలి, దానికీ స్టీలు సాగే హద్దు దాటాల్సిందే. అటూ ఇటూ వంచే కొద్దీ గొట్టం అలసిపోతుంది కాబట్టి మళ్లీ దిశ మార్చే పని పడకుండా 18తో మొదలుపెట్టి మూడు తోపుల్లో సరిచేశాం. కుడి పక్కకి మొదటి తోపు ఎడమకన్నా కనీసం 5 మి.మీ. తక్కువ పెట్టాల్సింది.

ముగింపు కొలతలు: డ్రాపౌట్ల మధ్య 129.5, దారం తేడా అర మి.మీ. కన్నా తక్కువ. వంతెనల అతుకుల దగ్గర రంగులో పగుళ్లు ఉన్నాయేమో టార్చి వేసి చూశాం. లేవు.

ఇక్కడితో ఆగితే సగం పనే అయినట్టు. స్టేలు V ఆకారంలో విచ్చుకున్నాయి కాబట్టి డ్రాపౌట్ ముఖాలు కూడా విచ్చుకున్నాయి. సుమారు 430 మి.మీ. పొడవు స్టేలో 5 మి.మీ. అంటే ఒక్కో ముఖం 0.67 డిగ్రీ తిరిగినట్టు. చిన్న కోణమే, కానీ లాక్‌నట్లు (ఇరుసు కొసల దగ్గరి బిగింపు నట్లు) వంకర ముఖం మీద బిగిస్తే ఇరుసు నిలకడగా వంగి ఉంటుంది, ఇరుసు తిరగదు కాబట్టి ఆ వంపు ఒకే చోట ఉంటుంది, కోనులు (బేరింగు గోళీలు దొర్లే ముక్కలు) ఒక పక్కే అరుగుతాయి, చివరికి ఇరుసు విరుగుతుంది.

దీనికి అమ్మే పరికరం లేకపోయినా రెండు 10 మి.మీ. మర కడ్డీ ముక్కలు చాలు, ఒక్కోటి 64 మి.మీ. లోపలికి వచ్చేలా నట్లతో డ్రాపౌట్లలో బిగించాలి. కొసలు మధ్యలో దాదాపు కలవాలి. చాలామంది కొసలు ఎదురెదురుగా ఉంటే ముఖాలు సమాంతరమని సరిపెట్టుకుంటారు. రెండు ముఖాలూ సమానంగా విచ్చుకుంటే కడ్డీలు రెండూ సమానంగా వెనక్కి తిరుగుతాయి, కొసలు చక్కగా కలుస్తాయి, కడ్డీల వరస మాత్రం గుడిసె కప్పులా ఉంటుంది. స్టీలు స్కేలుని రెండు కడ్డీల ముందు పక్కన ఆన్చి చూస్తేనే తెలుస్తుంది. ఇక్కడ మధ్యలో 0.8 మి.మీ. వెలుతురు కనిపించింది, లెక్కకి సరిగ్గా సరిపోయింది. పెద్ద సర్దుడు పానాతో డ్రాపౌట్ పలక మొత్తాన్ని పట్టుకుని, కొంచెం కొంచెంగా తిప్పాం. కుడి వైపు గేరు కొక్కేన్ని (చైన్‌ని పళ్లచక్రాల మీద జరిపే డెరైలర్ వేలాడే చోటుని) పట్టుకుని తిప్పకూడదు.

కొక్కెం సంగతి ఆ తర్వాత. గేరు కొక్కెంలో మర 10×1, వెనక గట్టి ఇరుసు మర కూడా 10×1. కాబట్టి నట్టు ఇరుసున్న ఏదైనా వెనక చక్రాన్ని ఆ కొక్కెంలోకి తిప్పి, ఫ్రేములోని చక్రంతో సమాంతరంగా ఉందో లేదో రిమ్ము నుంచి రిమ్ముకి నాలుగు చోట్ల కొలవొచ్చు. కింద 9 మి.మీ. ఎక్కువ వచ్చింది. వంచాక నాలుగు చోట్లా తేడా 2 లోపలికి వచ్చింది. దీనికి మించిన గురి ఖరీదైన గేజీతో కూడా రాదు.

రోజు 6: ఇరుసులు, గాడులు

130 హబ్బు ఇరుసు పొడవు 141 మి.మీ., అంటే లాక్‌నట్ దాటి ఒక్కో పక్క 5.5 బయటికి ఉంటుంది. డ్రాపౌట్ మందం 4.5 మాత్రమే. ఇరుసు కొస డ్రాపౌట్ కన్నా బయటికి పొడుచుకొస్తే క్విక్ రిలీజ్ (లీవరు తిప్పి చక్రాన్ని బిగించే కడ్డీ) నట్టు ఇరుసుని నొక్కుతుంది తప్ప ఫ్రేముని నొక్కదు. లీవరు గట్టిగా బిగిసినట్టే చేతికి తెలుస్తుంది, పెడల్ బలంగా తొక్కగానే చక్రం గాడిలో జారుతుంది. ఒక్కో కొసా 1.5 అరగదీసి 4కి తెచ్చాం. మర తెగిన అంచుని సన్న ఆకురాయితో నునుపు చేస్తేనే తర్వాత కోను తిప్పడానికి వీలవుతుంది.

ముందు ఇరుసు 108, ఒక్కో పక్క 4. ఫోర్కు కొస 3.5. అక్కడా 1 మి.మీ. తీశాం.

ముందు గాడి 8, ఇరుసు 9. ఇరుసు అరగదీయడం వద్దు, గాడినే పెంచాలి. గాడి రెండు గోడల నుంచీ సమానంగా, మొత్తం 1.2 మి.మీ. తీశాం. పై వంపు లోతు రెండు పక్కలా ఒకేలా ఉండటం అన్నిటికన్నా ముఖ్యం: ఒక పక్క 1 మి.మీ. ఎక్కువ లోతైతే 100 మి.మీ. ఇరుసు మీద ఆ వాలు రిమ్ము పైన 3 మి.మీ. అవుతుంది. బ్రేకు రబ్బర్లు మధ్యకి రావు, చక్రం వంకరని పొరపడి జనం మంచి రిమ్ముని పాడుచేస్తారు. వెడల్పు 96 నుంచి 100కి పెంచడం కోసం ఫోర్కుని వంచలేదు. ఒక్కో పక్క 2 మి.మీ., చేత్తో తెరిస్తే ఇరుసు కూర్చుంటుంది.

ఈ పాత ఫోర్కు కొసలకి చక్రాన్ని ఆపే చిన్న గట్లు లేవు. క్విక్ రిలీజ్ వదులైతే చక్రం నేరుగా పడిపోతుంది. బిగింపు సరిగా లేకపోతే చక్రాన్ని ఆపే రెండో అడ్డంకి ఏదీ లేదని గుర్తుంచుకోవాలి.

రోజు 7: చక్రం మధ్యలో ఉందా

కొత్త చక్రాలు బిగించాక వెనక రిమ్ము ఎడమ స్టేకి 2 మి.మీ. దగ్గరగా ఉంది. తప్పు ఎవరిది, ఫ్రేముదా చక్రానిదా? చైన్ లేకుండా చక్రాన్ని తిరగేసి బిగించి చూడాలి. రిమ్ము మళ్లీ ఎడమకే ఉంటే ఫ్రేము, కుడికి మారితే చక్రం. కుడికి మారింది. చక్రానికే డిష్ (రిమ్ము రెండు లాక్‌నట్ల నడిమధ్యకి రావడం) సరిగా లేదు. ఎడమ చువ్వల నిప్పుళ్లన్నీ (చువ్వ కొసల నట్లు) అర చుట్టు వదిలి, కుడివి పావు చుట్టు బిగించి, అవుట్ (రిమ్ము ఊగుడు) తీసి, మళ్లీ తిరగేసి చూస్తే తేడా అర మి.మీ. లోపలికి వచ్చింది. సిద్ధంగా అల్లిన చక్రం కొంటే ఈ తనిఖీ తప్పక చెయ్యాలి. మొదటిసారే ఫ్రేముదే తప్పనుకుని మళ్లీ దుంగ పట్టుకుంటే రెండు తప్పులు కలిసి కూర్చుంటాయి.

రోజు 8: చైన్ వరస, గేర్లు

త్వరగా అయింది. ముందు రెండు పళ్లచక్రాల మధ్యబిందువు సీటు గొట్టం కేంద్రం నుంచి 43. వెనక ఎనిమిది పళ్లచక్రాల మధ్య 43.7. ముట్టుకోవలసిన అవసరం లేదు.

పాత డెరైలర్ మాత్రం చాలలేదు. అయిదు పళ్లచక్రాల వెడల్పు దాదాపు 22 మి.మీ., ఎనిమిదింటికి 33.6. హద్దు స్క్రూలు రెండూ పూర్తిగా విప్పినా ఏడోదాని దగ్గరే ఆగిపోయింది. డెరైలర్ మార్చాం, పాత రాపిడి లీవర్లు ఉంచాం. వాటికి క్లిక్కులు లేవు కాబట్టి ఎన్ని పళ్లచక్రాలైనా ఒకటే. చైన్ ఎనిమిదికి సరిపోయే 7.1 మి.మీ. వెడల్పుది. పాత ముందు పళ్లచక్రాల మీద అది బాగానే నడుస్తుంది.

అన్నిటికన్నా చిన్న, 12 పళ్ల చక్రం మీద చైన్ ఉన్నప్పుడు సీట్‌స్టే కొసకి ఎంత దూరంలో ఉందో చూడాలి. 1 మి.మీ. కన్నా తక్కువ వచ్చింది, గతుకుల్లో చైన్ ఊగి గొట్టాన్ని కొడుతుంది. కుడి లాక్‌నట్ కింద 1 మి.మీ. వాషర్ వేశాం, డిష్‌ని అర మి.మీ. సర్దాం. ఇరుసు కొస కుడి పక్క 3 మి.మీ. కి తగ్గింది. క్విక్ రిలీజ్‌కి అది చాలు.

రోజు 9: రబ్బర్లు, గాలి, మొదటి తొక్కుడు

రబ్బరు పై అంచు టైరుకి తగలకూడదు, కింది అంచు రిమ్ము దాటకూడదు. టైరు పక్కగోడని రబ్బరు రోజూ కొంచెం కొంచెంగా కోస్తుంది, ఒకరోజు ఒక్కసారిగా పేలుతుంది. రిమ్ము పక్కగోడ మధ్యలో పెట్టి, ముందు కొస ముందు తగిలేలా, వెనక కొస అర నుంచి 1 మి.మీ. ఎడం ఉండేలా వంపు ఇచ్చి, 5 నుంచి 7 న్యూటన్ మీటర్లతో బిగించాం. ఆ వంపు లేకపోతే కీచుమంటుంది.

టైరు 32-622, గాలి 60 పీఎస్ఐ. బోల్టు కేంద్రం నుంచి టైరు దాకా ముందు 26, వెనక 33 మి.మీ. ఖాళీ ఉంది, మడ్‌గార్డుకి చాలు. క్రాంకు ఎత్తు కొలిస్తే 273, లెక్క చెప్పినంతే. సైకిలు మీటరులో చుట్టుకొలత 2180 నుంచి 2155కి మార్చాం. మార్చకపోతే వేగం, దూరం ఒకటి పైచిలుకు శాతం ఎక్కువ చూపిస్తుంది.

అల్యూమినియం రిమ్ము ఇచ్చిన తేడా తడి రోడ్డు మీద మొదటి నొక్కులోనే తెలిసింది. పొడవు చేతుల వల్ల పోయిన పట్టుని జంట పివట్టు కాలిపర్, కొత్త రిమ్ము కలిసి మించిపోయాయి. క్రోమ్ స్టీలు రిమ్ములున్న పాత సైకిలుకి చేయగల మార్పుల్లో దీనికి సాటి వచ్చేది మరొకటి కనపడదు. గేర్లన్నీ కొత్త చక్రం వల్ల 1 శాతం తేలికయ్యాయి, కాలికి తెలియదు.

రోజు 16: 50 కిలోమీటర్ల తర్వాత

చువ్వలు కుదురుకున్నాయి, వెనక రిమ్ము 0.8 మి.మీ. ఊగుతోంది. అవుట్ తీశాం. వెనక బ్రేకు నట్టు పావు చుట్టు తీసుకుంది, పల్లపు వాషర్లు గొట్టానికి సర్దుకోవడం వల్ల. మళ్లీ దారం కట్టి చూశాం, వెనక భాగం అక్కడే ఉంది. చక్రం తీశాక డ్రాపౌట్ల మధ్య 129.5, కదల్లేదు. ఇరుసుని గాజు పలక మీద దొర్లించి చూశాం, వంపు లేదు. వంతెన అతుకుల దగ్గర రంగు చెక్కుచెదరలేదు.

మిగిలింది మడ్‌గార్డు. పాతది 630కి వంచినది, టైరుతో సమానమైన ఎడం రావాలంటే పైన బ్రేకు వంతెన దగ్గర, కింద చైన్‌స్టే వంతెన దగ్గర 4 మి.మీ. చొప్పున లోపలికి రావాలి. రెండు చోట్లా 4 మి.మీ. అల్యూమినియం గొట్టపు ముక్కలు, పొడవు బోల్టులు వేసి, పక్క తీగల్ని కొత్త కొలతకి కత్తిరించాలి. ముందుది ఫోర్కు కిరీటం కింద కొత్త కాలిపర్ బోల్టుకే వేలాడాలి. మడ్‌గార్డు మీది తగరపు పట్టీ బెజ్జాన్ని ముందు 6 కి పెంచుకోవాలి.